చెప్పని సారు

ల్యాబు గుమ్మం ముందు చెప్పుల కుప్పలో తన చెప్పులకు చోటు చూసుకుంటున్నాడు చక్రపాణి. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో నిలబడే వచ్చాడు. ఎన్నేళ్లయినా ఈ ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో అతను ఇంకా టెంపరరీ సారే. సన్నటి మనిషి, వంగిన భుజాలు, చొక్కా చేతికి ఎప్పుడూ సుద్దపొడి. స్టాఫ్‌రూములో అతను లేడని ఎవరూ గమనించరు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అంటే మిగతా సార్లకు నోట్సు చెప్పి రాయించడం. ఇతనికి ఆ జబ్బు లేదు, వేరే జబ్బుంది. ఎవరి చదువు వాళ్లు తమ చేత్తో కట్టుకుంటేనే నిలుస్తుందని ఎక్కడో చదివి, నమ్మేశాడు. అందుకే పిల్లల చేత హాస్టలు మెస్సుకు ప్రోగ్రాం రాయిస్తున్నాడు. మర్నాడు ఎవరెవరికి వండాలో అది పేర్ల పట్టీ తీసి ఇవ్వాలి. మధ్యాహ్నం భోజనానికి రానివాళ్ల పేర్లు కొట్టేసేలా రాశారు పిల్లలు. అది రంజాన్ నెల. తప్పు అతనికి ముందే కనబడింది. కావాలనే చెప్పలేదు.

ఈరోజు బయటపడింది. పిల్లల్లో ఉపవాసమున్న ఖాజా పట్టీలో తన పేరు వెతుక్కున్నాడు. లేదు. పగలు తినడం లేదని, తెల్లవారకముందు తినే సహరీ అన్నం కూడా తీసేసింది ప్రోగ్రాం. ఊరికెళ్లినవాడూ ఉపవాసమున్నవాడూ ఒకటేనా అని ల్యాబంతా ఒకటే గొడవ. చక్రపాణి కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. ఈ గొడవ కోసమే అతను ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్నాడు. అతనికి పండగలా ఉంది.

అప్పుడే వచ్చాడు ప్రిన్సిపాల్. క్లాసు సంతలా ఉందనుకున్నాడు. మీ సారు ఏం చెప్పాడని ముందు బల్లలో కూర్చున్న ప్రసన్నకుమారిని అడిగాడు.

“మా సారు ఏమీ చెప్పల్యా సార్. అంతా మేమే చేసుకుంటాండాం.”

ఆ పిల్ల గర్వంగానే అంది. చక్రపాణి తన గురించి అంతకన్నా మంచి మాట ఎన్నడూ వినలేదు. ప్రిన్సిపాల్‌కు మాత్రం అది ఫిర్యాదు.

చక్రపాణిని ఆఫీసు బయట చాలాసేపు కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు. సోమవారం నుంచి నోట్సు చెప్పే మనిషి శిరివెళ్ల నుంచి వస్తున్నాడని, ఇక రానక్కర్లేదని చెప్పాడు. పిల్లలు తామే నేర్చుకోవడం గురించి చక్రపాణి ఏదో చెప్పబోయాడు.

“వాళ్లే చేసుకునేదానికి నువ్వెందుకప్పా?”

జవాబుంది. ఇన్నేళ్లూ ఆ జవాబు పట్టుకునే బతికాడు. కానీ ప్రిన్సిపాల్ తనంతట తాను తెలుసుకునే రకం కాదు, చెబితే వినే రకం అసలే కాదు. చక్రపాణి దండం పెట్టి బయటికొచ్చాడు.

అప్పటికే కాలేజీ బస్సులు వెళ్లిపోయాయి. పిల్లలకు ఒక్క మాటైనా చెప్పిపోవాలనుకున్నాడు, కుదరలేదు. ల్యాబుకు తాళం పడింది. ఆళ్లగడ్డ బస్సులో ఈసారి సీటు దొరికింది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్కనున్నవాళ్లు చూస్తారని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

తాళం వెనక, సారు వచ్చి చూడాలని పిల్లలు చింపకుండా వదిలిన కొత్త పట్టీ ప్రింటరులోంచి నేల దాకా వేలాడుతోంది, ఖాజా పేరుతో సహా.