బుల్లెమ్మకు పెట్టిన సారె

మా ఆయన గోవిందరావుది జాలిగుండె అని ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్లుండే రైల్వే ట్రాఫిక్ కాలనీలో అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ జాలి చేసిన పని నేను కళ్లారా చూశాను.

మా అక్క జోగమ్మ మొగుడు నూకయ్య బావ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో బాయిలర్ పని చేసి రిటైరయ్యాడు. ఆవిరి ఇంజన్ తప్ప ఆయనకు ఇంకో లోకం లేదు. రైల్వేవాళ్లు ఆ ఇంజన్లను మూల పడేస్తున్న రోజుల్లో కూడా బీహారు వైపు చక్కెర మిల్లులు చెరకు బళ్లు లాగడానికి చిన్న లైను ఇంజన్లను వాడుతూనే ఉండేవి. చెరకు ఆడని వానాకాలంలో అవి లారీలెక్కి మా ఊరి పక్కనే ఉన్న నిమ్‌పురా వచ్చేవి. అక్కడొక ప్రైవేటు షెడ్డులో మా రిటైరైన మగాళ్లు వాటిని విప్పి, బాగుచేసి తిప్పి పంపేవాళ్లు. మిల్లులతో మాట్లాడి పని తెచ్చేది మా ఆయన. ఒళ్లు వంచి చేసేది బావ.

ఎనభైల్లో షెడ్డు నిండా ఇంజన్లే. తర్వాత మిల్లులు ఒక్కొక్కటే ట్రాక్టర్లకు మారిపోయి పట్టాలు పీకించేశాయి. తొంభై నాలుగు వానాకాలంలో వచ్చింది ఒక్కటంటే ఒక్కటి, బుల్లెమ్మ.

ఆ పేరు పెట్టింది మా అక్కే. ఆమెకు ఆడపిల్లల్లేరు. చాలా ఏళ్ల కిందట బావకు అన్నం తీసుకెళ్లి, మసిగొట్టుకుని నీరసంగా నిలబడ్డ ఆ ఇంజన్ను చూసి, పుట్టింటికొచ్చిన పిల్లలా ఉందందట. షెడ్డువాళ్లు పట్టుకుని ఏడిపించారు. మరి పుట్టింటివాళ్లు సారె పెట్టి పంపరా అన్నారు. అక్క ఊరుకునే మనిషి కాదు, నిజంగానే పెట్టింది. అప్పట్నుంచి ఏటా విశ్వకర్మ పూజ అయ్యాక, ఇంజన్ లారీ ఎక్కే ముందు మేమిద్దరం చలిమిడి చేసి, పసుపూ కుంకుమా పెట్టి, కమ్మీకి గాజులు కట్టేవాళ్లం. నవ్వుకుంటూనే కట్టేవాళ్లం. లారీ కదిలేసరికి మాత్రం అక్క కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

ఆ ఏడు బావ పనిచేసిన తీరు చెప్పాలి. బుల్లెమ్మ ఈ సీజన్ బాగా లాగితే మిల్లువాళ్లు ట్రాక్టర్లకు మారరు, వచ్చే వానలకు మళ్లీ పంపుతారు, షెడ్డు బతుకుతుంది. కనిపించిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు. పంపకపోతే ఇంట్లో మంచం మీద కూర్చోవడమే తన గతి అనేవాడు. బాయిలర్ లోపలి ట్యూబులన్నీ పీకి కొత్తవి వేశాడు. జ్వరం వచ్చినా వెళ్లాడు. మా ఆయన పక్కన నిలబడి, తొందరేం లేదు, నిదానంగా చెయ్యమని తల ఊపేవాడు. పెద్దవాడి మీద ఎంత గౌరవమో అని నేను మురిసిపోయాను. సారె పెట్టిన రోజు చలిమిడి రెండోసారి అడిగి మరీ తిన్నాడు.

దసరాకు మొక్కుందని ఒక్కడే పూరీ వెళ్లొచ్చాడు. ఖాజాలు తెచ్చాడు. జగన్నాథుడి ప్రసాదమని కళ్లకద్దుకుని తిన్నాను.

ఏటా చెరకు ఆడటం మొదలయ్యే ముందు మిల్లు నుంచి టెలిగ్రాం వచ్చేది. బుల్లెమ్మ పొయ్యిలో మొదటి నిప్పు బావే వెయ్యాలి, అది వాళ్లకూ ఇష్టమే. ఆ ఏడు కార్తీకం వెళ్లిపోయినా కబురు లేదు. మిల్లులో సమ్మె అని ఒకసారి, చెరకు ఆలస్యమైందని ఒకసారి మా ఆయన నచ్చచెప్పాడు. చివరికి బావ, పిల్ల ఇంటికి వెళ్లడానికి తండ్రికి పిలుపేమిటని బయల్దేరాడు. అక్క తనూ వస్తానంది. అక్క వెళ్తుంటే నేనెందుకు ఆగుతాను? మా ఆయన చలి అన్నాడు, రైళ్లలో రద్దీ అన్నాడు, ఏం చెప్పినా మేం వినలేదు. తను మాత్రం మోకాళ్ల నొప్పని ఇంట్లోనే ఉండిపోయాడు.

మిల్లు దగ్గర రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లు బారులు తీరాయి. గాలంతా బెల్లం పాకం వాసన. సమ్మె లేదు, ఆలస్యమూ లేదు. పట్టాలుండే చోట గడ్డి మొలిచింది.

బుల్లెమ్మ గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద ఉంది. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, చుట్టూ పూలకుండీలు. పూజకు అలంకరించారనుకుని అక్క ముఖం విప్పారింది. బావ దిమ్మె ఎక్కి పొయ్యి తలుపు తెరిచాడు. లోపల ఇటుకలు. తలుపు దాకా పేర్చి సిమెంటు పూసేశారు. పొగగొట్టం మూతి కూడా సిమెంటే. మేం కట్టిన గాజులు విప్పకుండా వాటి మీదే రంగు కొట్టారు, కమ్మీకి అతుక్కుపోయి ఉన్నాయి.

మా మొహాలు చూసి కాపలావాడు దగ్గరికొచ్చాడు. మేం ఖరగ్‌పూర్ వాళ్లమని తెలిసి సంబరంగా చెప్పుకొచ్చాడు. పట్టాలు వేసవిలోనే పీకేశారట. యజమాని ముచ్చటపడి ఇంజన్ను బొమ్మగా నిలబెట్టమన్నాడట. ఖరగ్‌పూర్‌కు పంపింది ఉత్త రంగు కోసమేనట, ఆ సంగతి మొదటే చెప్పారట. దసరాకు మీ గోవింద్‌బాబు వచ్చి, దగ్గరుండి ఇటుకలు పేర్పించాడు, ఎంత మంచి మనిషో అన్నాడు.

బావ బాయిలర్ మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. తిరుగు రైల్లో అక్కతో అన్నాడు.

"లోపలన్నీ కొత్త ట్యూబులే, జోగీ."

అక్క ఏడుస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఖాజాలు మా ఊళ్లో ఖరిదా బజారులో కూడా దొరుకుతాయి కదా అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

మేం ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. మమ్మల్ని చూడగానే అడక్కుండానే మొదలెట్టాడు.

"పని లేదని సెప్తే నువ్వు మంచం పట్టేస్తావని బయమేసింది అన్నా. వానాకాలమంతా సంతోసంగా ఉన్నావు గదా. అది సాలదా?"

అందులో సగం నిజమే. కాపురం చేసినదాన్ని, మిగతా సగం నాకు తెలుసు. తెచ్చేందుకు పని లేకపోతే నిమ్‌పురా రోడ్డు మీద తనను గౌరవంగా దాదా అని పిలిచే దిక్కుండదు. తన పెద్దరికం ఇంకొక్క వానాకాలం నిలబడటానికి మా బావ జ్వరంలో పనిచేశాడు.

బావ గుమ్మం ఎక్కలేదు. మా వాకిట్లో కుళాయి కింద బకెట్ పెట్టి, నిండాక కట్టుబట్టలతోనే తల మీద గుమ్మరించుకున్నాడు. ఆయన తర్వాత అక్క. అయినవాళ్లు పోయారని కబురొస్తే మేం చేసేది అదే.

"నాను కబురు తెలిసి తానం సేసినాను, తమ్ముడూ" అన్నాడు బావ, నీళ్లు కారుతుండగా. "నీకు ఆసాడంలోనే తెలిసింది. ఆ మైలతోనే మా ఇంట తిరిగినావు. పోయిన పిల్లకి మా సేత సారె పెట్టించి, సలిమిడి నువ్వు తిన్నావు."

ఆ చలిలో తడి బట్టలతోనే ఇద్దరూ వెళ్లిపోయారు. మళ్లీ మా గడప తొక్కలేదు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "మంచికే సేసినానని నువ్వైనా సెప్పే" అన్నాడు.

"పూరీలో దర్సనం బాగా అయిందా?" అని అడిగాను.

నేను కుళాయి తిప్పి, బకెట్ నింపి, ఆయన ముందు పెట్టాను.