మూడు బొమ్మల ఆలస్యం

నేను ఒక సినిమా ప్రొజెక్టరును. ఈ మాట వినగానే బడిలో గోడమీద పాఠాలు చూపించే చిన్న పెట్టె మీకు గుర్తుకు వస్తే, దయచేసి ఆ పోలికను మానుకోండి. నా ఎత్తు ఆరడుగులు. నన్ను మేడమీది కేబినుకు చేర్చడానికి ఎనిమిదిమంది కళాసీలు అవసరమయ్యారు. నా కడుపులో రెండు కార్బను కడ్డీల మధ్య రాజుకునే వెలుగును నేరుగా చూసినవాడికి ఆ పూట మరేదీ కనిపించేది కాదు.

నా జన్మస్థలం ఇంగ్లండు. నన్ను బిగించిన పెద్దమనిషి ప్రతి మరనూ మూడేసిసార్లు సరిచూసి, తృప్తిగా తల ఊపి, నా వంక మళ్ళీ చూడకుండా టీ తాగడానికి వెళ్ళిపోయాడు. మర్యాద అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. తరువాత ఓడలో మద్రాసు వచ్చాను. అక్కడి డేరా సినిమావారు నాలుగేళ్ళపాటు నాకు ఊరూరి దుమ్మునూ రుచి చూపించి, చివరకు కాకినాడలోని హంసధ్వని టాకీసు యజమాని బిక్కిన సోమసుందరంగారికి అమ్మివేశారు. ఆయన నా ముందు కొబ్బరికాయ కొట్టించి, నా కటకానికి నిండుగా కుంకుమ పెట్టారు. దానిని తుడిచే ధైర్యం ఎవరికీ లేకపోవడంచేత మొదటి వారమంతా తెరమీద చంద్రుడు ఎర్రగానే ఉదయించాడు. ప్రేక్షకులు దానిని దర్శకుని ప్రతిభగా గ్రహించి చప్పట్లు కొట్టారు.

నన్ను నడిపే ఆపరేటరు పేరు తాతబ్బాయి. చదువు మూడో తరగతి. చెవి మాత్రం ఆస్థాన విద్వాంసుడిది. నా లోపల ఏ పంటిచక్రం అరిగినా, ఏ బేరింగు ఎండినా, అది నాకంటే ముందు అతనికి వినిపించేది. ముప్పై ఎనిమిదేళ్ళలో అతడు నన్ను ఒక్కసారి కూడా తప్పుగా అర్థం చేసుకోలేదు. ఒక్క ఆదివారం తప్ప.

మా టాకీసులో ఆదివారం ఉదయం పది గంటలకు ఇంగ్లీషు చిత్రం ఆడేది. కాలేజీ అధ్యాపకులు, రేవు ఉద్యోగులు, ఉచ్చారణ నేర్చుకోవాలని వచ్చే విద్యార్థులు, అందరికీ ముందు వరుసలో కందాళ శేషాచార్యులు మాస్టారు. ఆయన ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవారు. మే నెలలోనూ కోటు విప్పేవారు కారు. ఇంగ్లీషు చిత్రం సంభాషణల కోసమే పుట్టిందనీ, అందులో ఆటపాటలు అమెరికావారి బలహీనత అనీ ఆయన సిద్ధాంతం. తెరమీద పాట మొదలుకాగానే కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. పాట ముగిసేసరికి ఆ అద్దాలు తళతళలాడేవి.

స్త్రీల తరగతిలో రాజరత్నంగారు కూర్చునేది. కోటిపల్లి వైపునుంచి వచ్చిన నర్తకి. వయస్సు యాభై దాటింది. దేవదాసీ నిషేధ చట్టం వచ్చి మేజువాణీలు ఆగిపోయిన తరువాత ఆమె కాళ్ళకు పని లేకుండా పోయింది. కళ్ళకు మాత్రం మిగిలింది. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. బోర్డు దగ్గర ఆగి, "ఇందులో ఆట ఉందా బాబూ?" అని అడిగేది. ఉందంటే లోపలికి, లేదంటే ఇంటికి.

ఆ ఆదివారం చిత్రంలో ఆట ఉంది. ఒక రైల్వే స్టేషను, వెయిటింగు రూము. రైలు తప్పిపోయిన ఒక సన్నని మనిషి, బూట్ల అడుగున ఇనుపరేకులు తొడుక్కొని, బల్లలమీదా పెట్టెలమీదా నర్తించడం ఆరంభిస్తాడు. అతడు మొదటి అడుగు వేయగానే కేబినులోని స్పీకరు టకటకలాడింది.

తాతబ్బాయి ఉలిక్కిపడి నన్ను ఆపివేశాడు.

అతడు అంతకుముందు ఎన్నో ఇంగ్లీషు చిత్రాలు నడిపినవాడే. కాని బూట్లతో మద్దెల వాయించే మనిషి అతని రీళ్ళలో ఎన్నడూ తగలలేదు. ఆ చప్పుడు నాదేనని, నా పంటిచక్రం విరిగిందని అతడు నిశ్చయించుకున్నాడు. నా పక్క తలుపు తెరిచి, నూనె పోసి, మళ్ళీ నడిపాడు. టకటక. మళ్ళీ ఆపాడు. హాలులో ఈలలు మొదలయ్యాయి. మూడవసారి ఆపి, నా కింది లూపును వదులు చేశాడు.

ఈ లూపు సంగతి కొంచెం వివరించాలి. ఫిల్ముమీద బొమ్మ ఒకచోట, దాని చప్పుడు ఇంకొకచోట ఉంటాయి; రెంటికీ ఇరవై బొమ్మల దూరం. బొమ్మ నా కటకం ముందు నిలిచే క్షణానికే దాని చప్పుడు తనను పలికించే కింది డ్రమ్మును చేరాలంటే, మధ్యలో వేలాడే ఫిల్ము కొలత సరిగ్గా ఉండాలి. ఆ వేలాడేదే లూపు. తాతబ్బాయి దానిని మూడు వేళ్ళ మేర పెంచాడు. అంటే మూడు బొమ్మల ఆలస్యం. సెకనులో ఎనిమిదవ వంతు. మాటలలో ఎవరూ పట్టుకోలేరు. కాని తెరమీద ఆ మనిషి కాలు ముందు పడుతోంది, చప్పుడు వెనుక వస్తోంది. ఆ తకరారు నాలో ఉన్నదని నాకు తెలుసు. ఇంగ్లండులో పుట్టినవారు తమ తప్పును తామై ప్రకటించుకోరు.

సోమసుందరంగారు మెట్లెక్కి వచ్చారు.

"ఏవోయ్ తాతబ్బాయ్, ఏలూరునుంచి ఒకడు పని కోసం నెల్రోజులుగా తిరుగుతున్నాడు, తెల్సా? ఈ మిషన్లో నీ తప్పు ఇంకొక్కటి నా కంట బడితే కేబిన్ తాళంచెవి వాడికి ఇచ్చేస్తాను."

"ఇంక ఆగదండి, ఆయ్," అన్నాడు తాతబ్బాయి. ఆగలేదు. చిత్రం చివరిదాకా ఆ ఆలస్యంతోనే నడిచింది.

కేబిను వెనుక కిటికీ వరండామీదికి తెరుచుకుంటుంది. ఆట వదిలిన తరువాత మాస్టారు సోడా చేతబట్టి అక్కడ సోమసుందరంగారికి తీర్పు చెబుతున్నారు.

"చూశారుగా, తాళజ్ఞానం శూన్యం. కాలు ఒకచోట, చప్పుడు ఒకచోట. ఇంత ప్రఖ్యాతి ఎలా వచ్చిందో! కాలేజీ మేగజైనుకు ఈ సంగతే రాసి పంపుతాను."

"రాయకండి మాస్టారూ," అంది రాజరత్నంగారు, స్తంభం పక్కనుంచి. "ఆ మనిషి తప్పు వెయ్యలేదు."

"నీకేం తెలుసమ్మా? ఇది పాశ్చాత్య నృత్యం."

"కాళ్ళు ఎక్కడివైనా కాళ్ళేగదండీ. ఆయన అడుగుల మధ్య ఎడం చూశారా? ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. తప్పేవాడికి ఒకచోట తప్పుతుంది, ఒకచోట కుదురుతుంది. ఈయనకి మొదట్నుంచి చివరిదాకా ఒకే తేడా. అది మనిషి తప్పు కాదు, పెట్టె తప్పు."

"పెట్టె ఇంగ్లండుదమ్మా," అన్నారు మాస్టారు, వాదం ముగిసినట్టు.

నేను కిటికీ దగ్గరే నిలబడి అంతా విన్నాను.

ఆమె మెట్లెక్కి కేబినులోకి వచ్చింది. అంతవరకు ఏ స్త్రీ అక్కడ కాలు పెట్టలేదు. తాతబ్బాయి రీళ్ళను డబ్బాలలో సర్దుతున్నాడు.

"నాయనా, ఆ స్టేషను ఆట ఒక్కసారి మళ్ళీ వెయ్యి."

"ఎలా కుదురుద్దండి? రేపు మెయిలుకి ఎల్లిపోవాలి ఇయ్యన్నీ. అయినా ఇరవయ్యేళ్ళలో నా మిసన్ని వేలెత్తి చూపినోడు లేడండి."

"వేలెత్తడానికి రాలేదు. నా పదహారో ఏట ఒక జమీందారు పెళ్ళిలో మద్దెలాయన తాగొచ్చి వెనక పడ్డాడు. సభంతా నా కాళ్ళే తప్పాయన్నారు. మళ్ళీ ఆ పరగణాలో నన్నెవరూ పిలవలేదు. ఆయన తాగాడని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, తాళం వేసినవాడు. వాడు నోరెత్తలేదు. ఈ తెరమీదాయన వచ్చి చెప్పుకోలేడు కదా."

తాతబ్బాయి చాలాసేపు నా కింది లూపునే చూశాడు. మూడు వేళ్ళు దానికి ఆనించాడు. అతడికి అప్పుడు తెలిసిపోయింది: తెలియనట్టు ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, తెలిసినట్టు రుజువు చేస్తే తాళంచెవి ఏలూరు పోతుంది. నా జీవితంలో నేను మాట్లాడాలని కోరుకున్న ఏకైక క్షణం అదే. మాట్లాడితే మాత్రం ఏమి సలహా ఇచ్చేవాడినో నాకు ఈనాటికీ తెలియదు.

అతడు కిటికీలోనుంచి తల బయటపెట్టాడు. "అయ్యగారూ, మాస్టారుగారూ, ఓసారి లోపల కూర్చోండి. ఆ రీలు మళ్ళీ ఏత్తాను. తప్పు నాదేనేమో చూడండి."

మ్యాట్నీకి ఇంకా గంట ఉంది. ఖాళీ హాలులో ముగ్గురు కూర్చున్నారు. తాతబ్బాయి లూపును పాత కొలతకు తెచ్చి నన్ను నడిపాడు.

అప్పటివరకు నేను వేల చిత్రాలు చూపించాను. ఒక్కటి కూడా చూడలేదు. ఆ రోజు చూశాను. ఆ సన్నని మనిషిని నెత్తినుంచి పాదందాకా ఒకే చూపులో నిలిపి, ఎక్కడా కోత లేకుండా నాలుగు నిమిషాలు తీశారు. బల్లమీదనుంచి పెట్టెమీదికి గెంతితే, పెట్టె మూతమీద అతని మడమ పలికిన మాట సరిగ్గా ఆ క్షణానికే వినిపించింది. ఇంతలో టికెట్లు ఇచ్చే అమ్మాయి గదిలోకి వస్తుంది. ఆమె అతని కాళ్ళ వంక చూడనే చూడదు. అతని ఊపిరి వింటున్నట్టు తల కొంచెం వంచి, అతడు విడిచిన ఖాళీలలో తన అడుగులు పేర్చుకుంటూ పోతుంది. చివరకు ఇద్దరూ ఒకే చప్పుడై ఆగుతారు.

"చూడు," అంది రాజరత్నంగారు చీకట్లో, ఎవరితోనూ కాదు, తనతోనే. "ఒళ్ళంతా చాకిరీ చేస్తోంది, మొహం మాత్రం పేరంటానికి వచ్చినట్టుంది. అదీ విద్య." కుర్చీ కింద ఆమె పాదం కదులుతోంది. ఒక్కచోట కూడా తెరకంటే ముందుగాని వెనుకగాని పడలేదు.

దీపాలు వెలిగాయి. తాతబ్బాయి తాళంచెవి చేత్తో పట్టుకొని కిందికి దిగివెళ్ళి నిలబడ్డాడు.

"ఏమిటోయ్ తేడా?" అన్నారు సోమసుందరంగారు. "పొద్దున్నా ఇంతేగా?"

"అక్షరాలా ఇంతే," అన్నారు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "నేను చెప్పానుగా, లోపం ఆ నర్తకుడిలోనే ఉంది."

"చూశావా, అనవసరంగా కార్బన్లు తగలేశావు," అన్నారు సోమసుందరంగారు. "తాళంచెవి జేబులో పెట్టుకో. పో, మ్యాట్నీకి వేళవుతోంది."

తాతబ్బాయి రాజరత్నంగారి వంక చూశాడు. ఆమె పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. "సరిగ్గా వేశావు నాయనా," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. ఆ విధంగా ఒక మనిషి తన తప్పు ఒప్పుకొని కూడా, వినేవారి చెవుల పుణ్యమా అని, ఉద్యోగం నిలుపుకున్నాడు. తరువాత పద్దెనిమిదేళ్ళు అతడు నన్నే నడిపాడు. లూపు కొలవకుండా ఏ ఆటా మొదలుపెట్టలేదు.

మాస్టారు అన్న మాట నిలబెట్టుకున్నారు. వ్యాసం అచ్చయింది. చక్కని ఇంగ్లీషు, ఒక్క కామా పొల్లు పోలేదు. హంసధ్వని టాకీసు గోదాముగా మారినప్పుడు నన్ను ఆ కాలేజీ ప్రదర్శనశాలకు దానమిచ్చారు. ఇప్పుడు నా పక్కనే అద్దాల బీరువాలో ఆ మేగజైను తెరచి పెట్టి ఉంటుంది. విద్యార్థులు వచ్చి ఆ వాక్యాన్ని శ్రద్ధగా నోటుబుక్కులలో ఎక్కించుకుంటారు: ఆ నర్తకుడికి తాళజ్ఞానం లేదు. అధ్యాపకులు దాని కింద టిక్కు పెడతారు.

రాజరత్నంగారు లేదు. తాతబ్బాయీ లేడు. అచ్చులో ఉన్నది మాస్టారి మాట ఒక్కటే. ఇక నోరు విప్పవలసినది నేనే కనుక, ఇంగ్లండు మర్యాదను కాసేపు పక్కనపెట్టి విప్పుతున్నాను. ఆ మూడు బొమ్మల ఆలస్యం నాది. ఆయన కాలు తప్పలేదు.