నిలబడి మూడు ప్రశ్నలు

ఆ అమ్మాయిని స్టూడియోలో అందరూ చార్టు అని పిలుస్తారు. షూటింగు ఏర్పాట్లు చూసే పనిలో చేరిన కొత్తలో ఆవిడగారు ఆర్నెల్ల సీరియల్ కథని, ఏ రోజు ఏ సీను, ఎవరికి ఏ చీర, అంతా గోడంత చార్టు మీద రంగురంగుల గీతలు గీసి తగిలించింది. వారం తిరక్కుండానే హీరో బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అత్తగారి వేషం వేసే ఆవిడ అలిగి మానేసింది. చూసేవాళ్లేమో కథలో ఎప్పుడో పోయిన మేనమామని బతికించమని ఒకటే గోల. చార్టు కాస్తా చిత్తుకాగితమైంది, పేరు మాత్రం మిగిలింది.

డైరెక్టరు ఆమెకి సొంత బాబాయి. "మూడు రోజులకి మించి ఆలోచించకే తల్లీ. ఆ పైన ఏమవుతుందో కథ రాసేవాడికే తెలీదు" అన్నాడు.

ఆ ముక్క పట్టుకుని ఆమె కొత్త పద్ధతి మొదలెట్టింది. సీనుకో అట్టముక్క. గోడ మీద మూడు రోజుల అట్టలే ఉంటాయి. నిన్నటి ఎపిసోడ్ చూసి జనం ఏమనుకున్నారో పొద్దున్నే కనుక్కోవడం, దాన్నిబట్టి పాత అట్టలు పీకి కొత్తవి అంటించడం. షూటింగుకి ముందు పనివాళ్లంతా మేకప్ గది బయట వరండాలో చేరి నిలబడే మాట్లాడుకోవాలి. కూర్చుంటే కబుర్లలో పడతారని కుర్చీలన్నీ దాయించేసింది. అడిగేవి మూడే. నిన్న ఏమైంది, ఇవాళ ఏం చెయ్యాలి, ఏం అడ్డొస్తోంది. లైటు మాడిపోయిందనో, హీరోకి జలుబు చేసిందనో ఎవరో ఒకరు చెబుతారు. టీ చల్లారేలోగా ఏదో దారి దొరుకుతుంది. ఏదొచ్చినా ఇట్టే మార్చేసుకోవచ్చని చార్టుకి ఇప్పుడు మహా ధీమా. కాస్త టెక్కు కూడా అనుకోండి.

ఆ టెక్కు దిగేది బామ్మగారి దగ్గరే. సీరియల్లో ఇంటిపెద్ద వేషం ఆవిడది. బాబాయి నాటకాల్లో తెర లాగే రోజులనుంచీ ఆవిడ నటిస్తూనే ఉంది. ఈ మధ్య డైలాగులు మర్చిపోతోంది. ఒక ముక్క అనడం, ఆగిపోవడం, ఎదుటివాళ్ల మొహంలోకి బిక్కచచ్చి చూడటం. ఒక్క సీనుకే పూటంతా గడిచిపోతోంది.

సోమవారం ఛానెలాయన వచ్చి సెట్లో అంతా చూశాడు. "శుక్రవారం దాకా ఓపిక పడతాను. అప్పటికీ ఇంతే అయితే బామ్మకి గుండెపోటు తెప్పించండి. రెండు వారాలపాటు ఏడుపు సీన్లు కలిసొస్తాయి" అని చెప్పి చక్కాపోయాడు. పద్ధతంటే పద్ధతే కదా, చార్టు అప్పటికప్పుడే 'బామ్మ మరణం, శనివారం' అని అట్ట రాసి జేబులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న వరండాలో మూడో ప్రశ్న అడిగేసరికి అందరూ తమ కాళ్లకేసి చూసుకున్నారు. నటులెవరూ ఆ సమావేశానికి రారు. అలాంటిది, సగం మేకప్పుతో వెనకనుంచి బామ్మగారు వచ్చి నిలబడింది.

"నేనేనమ్మా అడ్డొస్తున్నది" అంది. "సీను బాగానే అర్థమవుతోంది. ఎవరు ఏడుస్తున్నారో, ఎందుకేడుస్తున్నారో అంతా తెలుస్తోంది. మాటలే నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. లైటు పాడైతే బాగుచేస్తారు కదా, నాకూ ఏదో ఒకటి చూడండి. ఇంట్లో కూర్చోబెడితే మాత్రం నేను బతకను."

చార్టుకి తల కొట్టేసినట్టయింది. జేబులో అట్ట ఉన్నచోట చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదొచ్చినా మార్చేస్తానని విర్రవీగింది, తీరా వస్తే మార్చడానికి బదులు తీసిపారేయబోయింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజు డైలాగులు పెద్దక్షరాలతో రాసి కెమెరా పక్కన పట్టుకున్నారు. బామ్మగారు కళ్లు చికిలించి చదువుతుంటే, చిన్న కోడల్ని దీవించే సీను కాస్తా ఆ పిల్లకి విషం పెట్టే సీనులా తయారైంది. బుధవారం చెవిలో చిన్న యంత్రం పెట్టి డైలాగు అందించారు. మధ్యలో దాన్లోంచే అసిస్టెంటు "కెమెరావైపు చూడకండి" అన్నాడు. ఆవిడ చిన్న కోడలి గడ్డం పట్టుకుని, "కెమెరావైపు చూడకమ్మా" అని బావురుమంది. సెట్టంతా పడీ పడీ నవ్వింది, ఆవిడా నవ్వింది. నవ్వి మేకప్ గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

గురువారం వరండాకి పెద్ద కోడలు కూడా వచ్చింది, అంటే ఆ వేషం వేసే ఆవిడ. తెరమీద ఇల్లు కూల్చే రకం, బయట చీమకి కూడా హాని చెయ్యదు. "నిన్న ఆవిడ మొహం ఎవరైనా చూశారా? మాట తప్పుగానీ ఏడుపు తప్పు కాదు. ఆవిడకి డైలాగులివ్వకండి, సంగతి చెప్పండి చాలు. ఆవిడ ఏదంటే దాన్ని మేం అందుకుంటాం" అంది.

"రచయిత నా పీక పిసుకుతాడు" అన్నాడు బాబాయి.

"ఒక్క చిన్న సీను చూద్దాం బాబాయ్. కుదరకపోతే రేపు ఇంకోటి" అంది చార్టు. చూశారు. బ్రహ్మాండంగా కుదిరింది.

శుక్రవారం ఛానెలాయన వచ్చేసరికి పెద్ద సీను సిద్ధంగా ఉంది. పెద్ద కోడలి దొంగతనం బయటపడింది. బామ్మ ఆమె దగ్గర ఇంటి తాళాలు లాక్కుని, చిన్న కోడలికిచ్చి, పెద్దదాన్ని గెంటెయ్యాలి. వచ్చే నెల కథంతా ఆ గెంటుడు మీదే నడవాలి.

బామ్మగారు తాళాలు తీసుకుంది. పెద్ద కోడలి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. చార్టు చెయ్యి జేబులోని అట్ట మీదికి పోయింది.

"కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందే?" అంది బామ్మగారు. "తప్పు చేశావు. పోనీలే, మర్చిపోతాను. ఈ మధ్య నాకు మర్చిపోవడం బాగా చేతనవుతోంది." అని తాళాలు ఆమె చేతిలోనే తిరిగి పెట్టింది.

అరుస్తూ వెళ్లిపోవలసిన పెద్ద కోడలు అలాగే కూలబడి, బామ్మగారి ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నటన కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. కట్ చెప్పవలసిన బాబాయి ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఛానెలాయన గొంతు సవరించుకున్నాడు. "ఆవిణ్ణి కదపకండి" అని, "మరి వచ్చే నెల కథ మొత్తం పోయిందిగా. రేపేం తీస్తారు?" అన్నాడు.

"తెలీదండీ. పొద్దున్న నిలబడి చూస్తాం" అంది చార్టు. జేబులోంచి అట్ట తీసి నాలుగు ముక్కలు చేసింది.

శనివారం వరండాలో ఒక కుర్చీ కనబడింది. బామ్మగారి కోసం చార్టే స్వయంగా మోసుకొచ్చి వేసింది. నిన్నటిదీ ఇవాళ్టిదీ అయ్యాయి. ఇక మూడో ప్రశ్న.

"ఈ కుర్చీ అడ్డొస్తోందమ్మా, తీసెయ్యి" అంది బామ్మగారు. టీ గ్లాసు పట్టుకుని వచ్చి వాళ్ల మధ్యలో నిలబడింది.