దొంగ మోటారు

ప్రమోషన్ ఇచ్చి నన్ను ఏడో అంతస్తుకు పంపారు. కిటికీ పక్కన సీటు, గుండ్రంగా తిరిగే కుర్చీ, తలుపు మీద పేరు. అందరూ చప్పట్లు కొడితే నేనూ పళ్లికిలించాను. ఇక మోటారు ముట్టుకునే పని నాకు లేదని తర్వాత గానీ తలకెక్కలేదు.

అంతకుముందు కింద, టెస్ట్ హాల్లో ఉండేదాన్ని. మాది వాషింగ్ మెషీన్లకు మోటార్లు చేసే పెద్ద కంపెనీ. కొత్త మోడల్ వస్తే మా హాల్లో ముందు చెవితో విని బాగుందో లేదో చెప్పాలి, ఆ తర్వాతే మీటర్లు తగిలించాలి. తిరుగుతున్న మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు అదిమిపెడితే లోపలి బేరింగు మాట్లాడుతుంది. బాగున్నది గొణుగుతుంది. చెడబోయేది సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈలను నాకంటే ముందు పట్టినవాళ్లు లేరు. అందుకే హాలంతా నన్ను చెవి మేడమ్ అనేవాళ్లు. ఆ పేరంటే నాకు చచ్చేంత గర్వం.

దొంగ మోటారు అనే ఆచారం పెట్టింది కూడా నేనే. హాల్లోకి ఎవరు కొత్తగా వచ్చినా ఐదు మోటార్లు వరుసగా పెట్టి, వాటిలో ఒక చెడ్డదాన్ని దాచేదాన్ని. దాన్ని చెవితో పట్టుకున్నవాళ్లకే బెంచీ దగ్గర చోటు. ఎంత చదివినవాళ్లయినా, ఎంత పెద్ద హోదా అయినా సరే. పట్టలేనివాళ్లను ఎంత ఏడిపించానో నాకే తెలుసు.

ఏడో అంతస్తులో అన్నీ మీటింగులే. ఏ మీటింగు ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి ఇంకో మీటింగు. అక్కడ మోటార్లు తెర మీద బొమ్మలుగా కనిపిస్తాయి, బొమ్మకేమో చప్పుడుండదు. నేను బెంగ పెట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో పుట్టింటి మీద కూడా అంత బెంగ పెట్టుకోలేదు. భోజనాల వేళ లిఫ్టు దిగి, హాలు తలుపు దగ్గర నిలబడి, నూనె వాసన, వేడెక్కిన రాగి వాసన కడుపునిండా పీల్చుకుని పైకి వచ్చేదాన్ని. ఇంట్లో ఫ్రిజ్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి కూర్చుంటే, దానికి జ్వరం తగ్గిందా అని మా ఆయన అడిగేవాడు.

ఆయనకు నా మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉండేది. బట్టలు ఉతకడం అయిపోయి మెషీన్ కూత పెడుతున్నా నేను కుర్చీలోంచి కదలనని. వినాలని ఉంటే కదా వినిపించేది అని దెప్పేవాడు. నిజమే కాబోలు అనుకున్నాను. మీటింగులు నా బుర్ర తినేశాయి, కిందికి వెళ్తే అన్నీ వాటంతటవే బాగుపడతాయి.

చివరికి డైరెక్టర్ని అడిగేశాను. హోదా తగ్గుతుందన్నాడు. తగ్గనీ అన్నాను. నాకేమైనా మతిపోయిందా అన్నట్టు చూసి, హాలు వాళ్లు సరేనంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు.

ఇప్పుడు ఆ హాలుకు పెద్దగా ఉన్నతన్ని అందరూ మౌనం అంటారు. ఆ పేరు నేను పెట్టిందే. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని రోజూ ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు గడ్డం నెరిసింది గానీ మాటలు మాత్రం పెరగలేదు. నన్ను చూసి నవ్వి, బల్ల మీది గుడ్డ తీశాడు. కింద ఐదు మోటార్లు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సంచిలోంచి నా పాత స్క్రూడ్రైవర్ తీశాను. దాని చెక్క పిడి నా చెమటకే నల్లబడింది. అతను ఒక్కో మోటారుకూ స్విచ్ వేస్తుంటే ఒక్కోదాని మీదికీ వంగాను. మొదటిదాని గొణుగుడు చెవిలో పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఐదూ అయ్యాక మళ్లీ మొదటి నుంచి విన్నాను. ఒక్కదానిలోనూ వంక లేదు.

"ఏమయ్యా, దొంగను పెట్టడం మర్చిపోయావా?" అన్నాను నవ్వుతూ.

మౌనం నవ్వలేదు. చుట్టూ ఉన్న ఇంజనీర్లు ఎవరి పనిలోకి వాళ్లు తలలు వంచుకున్నారు. అతను మూడో మోటారుకు మళ్లీ స్విచ్ వేసి దాని మీద చెయ్యి పెట్టాడు.

"ఇదే మేడమ్. గుమ్మం దాకా వినిపిస్తోంది."

పిడిని నొప్పి పుట్టేలా అదుముకుని కళ్లు మూసుకున్నాను. గొణుగుడు ఉంది. దాని పైన ఈల ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇంట్లో మెషీన్ కూత గుర్తొచ్చింది. పాపం మా ఆయన, కూత నిజంగానే వస్తోందన్నమాట. ఇన్నాళ్లూ ఆ ఈల కోసమే అల్లాడిపోయాను. అది నన్ను వదిలి ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా నాకు తెలియదు.

మీటర్లు ఉన్నాయి కదా, మీరు వచ్చేయండి, పైన ఎవరికీ చెప్పనన్నాడు మెల్లగా. చెప్పడని నాకు తెలుసు. ఆ కాస్త దయకే ఏడుపు ముంచుకొచ్చింది. కానీ దొంగను పట్టలేనివాళ్లకు అక్కడ చోటు లేదన్నది నేనే. కిందికి రావడం లేదని డైరెక్టర్‌తో నేనే చెప్పుకుంటానన్నాను.

అతను స్విచ్ ఆపబోతే వద్దన్నాను.

"ఎలా ఉందో చెప్పు."

తల గోక్కున్నాడు. మాటలు దొరకలేదు, ఎప్పుడు దొరికాయి గనక. కాసేపటికి మోటారు వైపు చెవి పెట్టి, పెదాలు సున్నాలా చుట్టి ఊదాడు. నాకు మొహం మీద గాలి తగిలింది, అంతే.

"శ్రుతి ఇంకొంచెం కిందికి," అన్నాను.

దించాడు. ఇంకా అంటే ఇంకా దించాడు. అప్పుడు వినిపించింది. అసలు ఈల కాదు గానీ దాని వరసే, మధ్యలో ఒకసారి వణికి మళ్లీ సర్దుకోవడంతో సహా. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను. పై నుంచి మీటింగుకు పిలుపు వచ్చేదాకా అతను వేస్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను.