ఎవెలిన్ టీచరమ్మ విందు

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే నిస్సార్ అహ్మద్ చక్రాల కుర్చీని గిరుక్కున తిప్పి, వెనక చక్రాలు ముందుగా లోపలికి లాగాడు. కూర్చున్న మనిషి ముఖం తలుపు వైపు ఉండాలి. గోడకేసి చూస్తూ కిందికి దిగడం ఎవరికీ బాగుండదని అతని నమ్మకం. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. మంచాలు తోసి తోసి ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. నెరిసిన గడ్డాన్ని పొట్టిగా కత్తిరించుకుంటాడు. నీలం చొక్కా, రబ్బరు అడుగుల బూట్లు, నడుముకి పేజరు.

కుర్చీలో ఎవెలిన్ టీచరమ్మ దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుని, తల వెనక్కి వాల్చి అడిగింది.

"పక్షి ఎలా ఉంది?"

"రాత్రంతా పెరుగులో నానింది. అల్లం, వెల్లుల్లి, కొంచెం కారం."

"పెరుగా!" ఆమె నవ్వబోయి దగ్గింది. పెదవుల మీద సన్నటి నీలిరంగు కనిపించింది. దగ్గు తగ్గాక వేలు ఎత్తింది. "మీ ఆవిడకి చెప్పు. తొందరపడి మంట పెంచొద్దు. ఛాతీ దగ్గర ఎండిపోతుంది."

సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లోని ఆ పెద్దాసుపత్రిలో నిస్సార్ వార్డ్స్‌మన్. వార్డు నుంచి ఎక్స్‌రే గదికి, అక్కణ్ణుంచి ఆపరేషన్ థియేటరుకి మనుషుల్ని తోసుకుపోవడం అతని పని. ఒక్కో మనిషి అతని చేతుల్లో ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే వాళ్లు ఏదో ఒకటి చెప్తారు. తమ్ముడితో మాటలు ఎందుకు మానేశాడో ఒకాయన మొదలుపెడతాడు. తను ఓడలో ఈ దేశానికి ఎలా వచ్చిందో ఒకావిడ మొదలుపెడుతుంది. కథ మంచి పట్టులో ఉండగా గది వచ్చేస్తుంది, ఎవరో నర్సు మంచం అందుకుంటుంది. తర్వాత ఏమైందో నిస్సార్‌కి తెలియదు. పదకొండేళ్లుగా అతని బుర్రనిండా తోకల్లేని కథలే.

వినడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్రొద్దుటూరులో తండ్రి గాజుల దుకాణంలో కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఎవరి పెండ్లికి పోతాండావమ్మా?" అని అడిగి మొట్టికాయలు తినేవాడు. దుకాణం దివాలా తీశాక బావమరిది ఇమ్రాన్ సిడ్నీకి పిలిపించుకున్నాడు. కొన్నాళ్లు బిస్కెట్ ఫ్యాక్టరీలో డబ్బాలు మోశాడు. అక్కడ మిషన్ల చప్పుడులో ఎవరి మాటా వినపడేది కాదు. ఆసుపత్రి ఉద్యోగం దొరికినప్పుడు జీతం తక్కువైనా ఎగిరి గంతేశాడు.

టీచరమ్మను అతను మొదట చూసింది సోమవారం. గుండె నీరసించి, కాళ్లకు నీరు దిగి వార్డులో చేరింది. అమెరికాలో నెబ్రాస్కా అనే చోట పొలాల మధ్య పుట్టిందట. ఇక్కడ పంతుళ్లు చాలక అమెరికా నుంచి పిలిపించుకున్న రోజుల్లో వచ్చి, బ్లాక్‌టౌన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పి, ఇక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు.

"ఈ గురువారం మా ఇంట్లో విందుంది," అంది ఆ రోజు వరండాలో పోతూ పోతూ. "అప్పటికి నన్ను ఇంటికి పంపుతారంటావా?"

"ఏం విందమ్మా?"

"థ్యాంక్స్‌గివింగ్. మా దేశం పండగ. ఇక్కడెవరూ చేయరు. నేను మానను."

నిస్సార్ రెండడుగులు వేసి ఆగాడు. "థ్యాంక్స్ ఎవరికి చెప్తారు?"

ఆమె కుర్చీలోనే వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్లుగా ఈ దేశంలో చేస్తున్నాను. ఏం వండుతావనే అందరూ అడిగారు. ఇది అడిగినవాడివి నువ్వే." దుప్పటి సర్దుకుంది. "మా నాన్న దేవుడికి చెప్పేవాడు. మా అమ్మ ఆవుకి చెప్పేది. నేను, పిలిస్తే వచ్చినవాళ్లకి చెప్తాను."

ఇంకా అడగాలనుకున్నాడు. ఎక్స్‌రే గది వచ్చేసింది.

మర్నాడు డాక్టర్లు ఇంటికి పంపడం కుదరదన్నారు. ఆ రోజు వరండా పొడవునా ఆమె వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. లిఫ్టు దగ్గర ఉన్నట్టుండి, "మీ ఇంట్లో పెద్ద అవెన్ ఉందా?" అంది.

"ఉంది," అన్నాడు నిస్సార్. అనేశాక గానీ ఏం ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు.

డ్యూటీ దిగి ఆబర్న్ వెళ్లాడు. హలాల్ మాంసం దుకాణంలో తుర్కీ దేశపు ముసలాయన ఫ్రీజర్ అడుగు నుంచి బండరాయంత టర్కీ కోడిని తీసి బల్లమీద పడేశాడు. క్రిస్మస్‌కి ముందే దీన్ని ఎవరడుగుతారని గొణిగాడు. నిస్సార్ ఊరుకుంటాడా? "మీ దేశం పేరు దీనికెందుకొచ్చింది?" అన్నాడు. ముసలాయన పొట్ట అదిరేలా నవ్వాడు. "మా భాషలో దీని పేరేమిటో తెలుసా? హిందీ! ఇది మీ దేశం నుంచి వచ్చిందని మావాళ్లు అనుకున్నారు." అమెరికా కోడి తమ మధ్య ఇలా ఊరూరా పేరు మార్చుకుని తిరిగిందన్న సంగతి నిస్సార్‌ని ఇల్లు చేరేదాకా నవ్విస్తూనే ఉంది.

క్వేకర్స్ హిల్‌లోని ఇంట్లో భార్య షెహజాది మాత్రం నవ్వలేదు. నడుమున చేతులు పెట్టుకుని కోడి చుట్టూ ఒకసారి తిరిగింది.

"హారిస్ కే అబ్బా, ఇది వాళ్ల పండగ గదా. మనం చేయొచ్చునా?"

"దిక్కులేనోళ్లకు కూడు పెట్టే పండగంట. చేసేదాంట్లో తప్పేముండాది?"

ఆమె అప్పుడు టీచరమ్మ ఇచ్చిపంపిన జామ్ సీసా మూత తీసి చూసింది. పూర్వం ఇక్కడ క్రాన్‌బెర్రీ పళ్లు దొరక్క, వాటి బదులు రోజెల్లా అనే ఎర్ర కాయలతో చేసిన జామ్ వాడటం టీచరమ్మకు అలవాటైందట. స్నేహితురాలు ఎవరో ఆసుపత్రికి తెచ్చిచ్చిన సీసా అది. షెహజాది వేలితో కొంచెం నాకి, కళ్లు మూసుకుని, ఒక్కసారిగా తెరిచింది.

"యా అల్లా! ఇది గోంగూర గదా! గోంగూర కాయను చక్కెరలో ఉడకబెట్టినారు!"

అప్పటినుంచి విందు షెహజాది సొంతమైపోయింది. గుమ్మడికాయతో తీపి చేయాలని చెప్తే ఇక్కడివాళ్లు ముక్కు విరుస్తారు గానీ, ఆమె చిటికెలో హల్వా అంది. టీచరమ్మ చెప్పినట్టు పిండి రొట్టెలో పెట్టి కాల్చిన గుమ్మడికాయ కంటే నెయ్యిలో వేగిన గుమ్మడికాయే మేలని తీర్మానించింది. అతను తోసుకుపోయిన ప్రతిసారీ టీచరమ్మ ఒక్కో వంటకం చెప్పేది. రాత్రి అన్నం దగ్గర అది ఇంకో వంటకమై బయటికి వచ్చేది.

వార్డులో ఆ వారం పగటి డ్యూటీ పెద్ద నర్సు జ్ఞానప్రసూన. రేపల్లె మనిషి. సందర్శకుల గదిని సాయంత్రం విందుకి ఆవిడే అడిగి పెట్టింది. టీచరమ్మ మాటమీద, చూడటానికి ఎవరూ రాని రోగులు ఎవరెవరో కనుక్కుని వాళ్లనీ పిలిచింది.

ఇవాళే ఆ గురువారం. ఉదయం లిఫ్టు దిగి గుండె స్కానింగ్ చేయించాక నిస్సార్ ఆమెను పైకి తీసుకొచ్చాడు. దారి పొడవునా కంప్యూటర్ల మీద, రక్తపోటు మిషన్ల మీద, ఆఖరికి గోడ గడియారాల మీద కూడా ఆకుపచ్చ స్టిక్కర్లు. రెండువేల సంవత్సరం వస్తే ఇవి ఆగిపోవని దానర్థం. అతని కొడుకు హారిస్ ఏడాదిగా ఒక బ్యాంకులో ఆ పరీక్షలే చేస్తున్నాడు. కిటికీ అవతల ఎండ మండుతోంది. జకరండా చెట్ల కింద ఊదా పూలు నేలంతా పరుచుకున్నాయి.

"మా ఊళ్లో ఈ పాటికి మంచు పడుతుంది," అందామె. "ఈ ఎండలో ఆ కోడి తిని చెమటలు కక్కుతుంటే అందరూ నన్ను పిచ్చిదనుకునేవాళ్లు."

"మీరు దేనికి థ్యాంక్స్ చెప్తారు ఈసారి?"

"సాయంత్రం చెప్తాను. ముందే చెప్తే చప్పబడిపోతుంది." మంచంలో పడుకోబెట్టాక అతని చేతిమీద రెండుసార్లు తట్టింది. "పెరుగా!" అంది మళ్లీ, కళ్లు మూసుకుంటూ.

మధ్యాహ్నం అతను ఒక కుర్రాడి విరిగిన కాలు, ఒక పురిటి మంచం, రెండు ఆక్సిజన్ సిలిండర్లు తోశాడు. డ్యూటీ దిగే వేళకి పేజరు మోగింది. టీచరమ్మ వార్డు. కిందికి ఒకరు. కిందికి అంటే ఏమిటో వార్డ్స్‌మన్‌లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ వార్డులో చాలామంది ఉన్నారనుకుంటూ, గుడ్డ కప్పిన పొడవాటి తోపుడు బండిని తీసుకుని పోయాడు.

ఆమె మంచం చుట్టూ తెర లాగి ఉంది. జ్ఞానప్రసూన బయట నిలబడి ఉంది.

"పోయారండీ నిస్సార్ గారూ. భోజనం ట్రే తీద్దామని వెళ్తే నిద్రపోతున్నారనుకున్నా. గుండె ఆగితే ఏం హైరానా చెయ్యొద్దని ముందే రాసిచ్చేశారు కదా, డాక్టరుగారు వచ్చి చూసి ఊరుకున్నారు." ఆవిడ తెర అంచు సవరించింది. "వేరేవాళ్లని పిలవనా?"

"వద్దమ్మా. నేనే తీసకపోతా."

ఇద్దరూ కలిసి ఆమెను బండిలోకి మార్చారు. బరువే లేదు. ఎవరిని కిందికి తీసుకుపోయినా, ఏ మతం వాళ్లయినా, నిస్సార్ లోపల్లోపల, పోయినవాళ్ల కోసం చదివే ఇన్నా లిల్లాహి చదువుకుంటాడు. ఇవాళా చదివాడు. సర్వీసు లిఫ్టు దిగి, నేలమాళిగ వరండాలో మలుపు తిరిగేటప్పుడు, "మీ అమ్మ ఆవు పేరేంది టీచరమ్మా?" అని అడగబోయి నాలిక కరుచుకున్నాడు. కింది గది తలుపు దగ్గర సంతకం పెట్టి, బండి అప్పగించి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

పైకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. బయల్దేరిపోయారు.

ఆసుపత్రి ముందు గుమ్మంలో వాళ్లు కనబడ్డారు. హారిస్ చేతుల్లో వెండికాగితం చుట్టిన పెద్ద పళ్లెం, షెహజాది చేతుల్లో హల్వా గిన్నె, కూతురు మెహ్విష్ చేతుల్లో ప్లేట్లు. నిస్సార్ ముఖం చూసి షెహజాది ఆగిపోయింది. అతను చెప్పాడు. ఆమె అక్కడే కుర్చీలో కూలబడి గిన్నె ఒళ్లో పెట్టుకుంది.

"ముఖం గూడా చూడలేదే నేను," అంది.

ఈ దేశంలోనే పుట్టిన మెహ్విష్, తల్లి పక్కన నిలబడి, "వి కాన్ట్ జస్ట్ టేకిట్ హోమ్, అబ్బా," అంది మెల్లగా.

షెహజాది కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "ఇది ఆమె చేయించుకున్న కూడు. ఎవరికి పెట్టమనిందో వాళ్లకు పెట్టల్ల. పాండి."

సందర్శకుల గదిలో నలుగురైదుగురు చేరారు. సెలైన్ స్టాండు తోసుకుంటూ కెన్ అనే ముసలి రైల్వే మనిషి వచ్చాడు. ఇంగ్లీషు రాని ఒక వియత్నాం ముసలమ్మ వచ్చింది. డ్యూటీ దిగిన జ్ఞానప్రసూన వచ్చింది. సంగతి అందరికీ తెలుసు. కోడి బంగారు రంగులో ఆవిర్లు కక్కుతోంది, గదంతా మసాలా వాసన. షెహజాదే లేచి వడ్డించింది. వియత్నాం ముసలమ్మ ఎర్ర జామ్‌ని ముక్కకు అద్దుకుని తిని, షెహజాది మణికట్టు పట్టుకుని ఏదో అంది. ఎవరికీ అర్థం కాలేదు, షెహజాదికి మాత్రం అర్థమైనట్టుంది.

కెన్ సగం తిని చెంచా కింద పెట్టాడు.

"ఈ కోడి నేను ఇదివరకు తిన్నాను. ఆమె ఇంట్లోనే. మా అమ్మాయి రాబిన్ ఆమె క్లాసులో ఉండేది. ఆ ఏడు నా భార్య మమ్మల్ని వదిలేసి పోయింది. పిల్ల ఏం తింటుందో, ఏం కట్టుకుంటుందో నాకు పట్టేది కాదు."

"తర్వాత?" అన్నాడు నిస్సార్.

"ఒకరోజు టీచరు మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచింది. క్రిస్మస్ ముందే వచ్చిందేమిటా అనుకున్నాను. ఇవాళ ఎవరి పుట్టినరోజని అడిగాను."

"తర్వాత?"

నిస్సార్ నడుముకి పేజరు లేదు. తోయాల్సిన మంచం లేదు. అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కెన్ అతనికేసి చూసి, ఇంత శ్రద్ధగా వినేవాడు దొరికినందుకు ఆశ్చర్యపోయినట్టు, నిదానంగా చెప్పుకొచ్చాడు. ఎవరి పుట్టినరోజూ కాదని టీచరు నవ్వింది. ఆ రాత్రి రాబిన్‌కి జడ వెయ్యడం అతనికి నేర్పింది. ఏటేటా పిలిచింది. పిల్ల పెద్దదై పెర్త్ వెళ్లిపోయాక అతనే వెళ్లడం మానేశాడు. ఈ మంగళవారం వార్డు బోర్డు మీద ఆమె పేరు చూశాడు. గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని ఇవాళ విందులో పలకరిద్దామనుకున్నాడు.

"అంతే," అన్నాడు కెన్.

అతని గడ్డం నున్నగా గీసి ఉంది. ఆసుపత్రి గౌను మీద ఇస్త్రీ చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నాడు. నిస్సార్ హల్వా గిన్నె ఆయన ముందుకి జరిపాడు.

మెహ్విష్ తన ప్లేటులోంచి రెండు కొమ్మలుగా చీలిన సన్నటి ఎముకను పైకెత్తి, ఇదేమిటంది. కెన్ ముఖం కాస్త విచ్చుకుంది. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగాలనీ, పెద్ద ముక్క ఎవరికొస్తే వాళ్ల కోరిక తీరుతుందనీ చెప్పాడు. తడిగా ఉంటే విరగదు, ముందు ఎండాలి అన్నాడు. షెహజాది దాన్ని నీళ్లతో కడిగి, తుడిచి, భర్త చేతికిచ్చింది. అతను చోటు కోసం చుట్టూ చూశాడు.

ఖాళీ పళ్లేలు సర్దుకుని వాళ్లు వెళ్లిపోయాక, పడమటి కిటికీ గట్టు మీద, కాగితం తువాలు మడతలో, విరగని రెండు కొమ్మలతో ఆ ఎముక ఎండకు ఆరుతూ ఉంది.