టీ చల్లారేలోపు

ఆ ఇంట్లో పొద్దున్నే అత్తగారు టీ వడగట్టి మూడు ఫ్లాస్కుల్లో పోసేది. కరెంటు మీటర్లు చూసే కొడుక్కి పెద్దది, వీధి చివర చదరంగం ఆడుకునే మామగారికి చిన్నది, లాండ్రీలో చిరిగిన బట్టలు కుట్టే కోడలికి మూత వదులైన పాతది. ఆవిడ పెట్టిన టీ వేడిగా ఉన్నంతసేపే ఆ ఇంటివాళ్ళు బయట ఉండగలరు. చల్లారిందంటే కాళ్ళు వాటంతటవే ఇంటిదారి పడతాయి. టీ లేకుండా బయల్దేరితే గేటు దగ్గరే ఆగిపోతాయి. కొందరి ఇళ్ళల్లో బట్టతల వస్తుంది, కొందరి ఇళ్ళల్లో షుగరు వస్తుంది, వీళ్ళింట్లో ఇది. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి చెప్పారు. "పోన్లెండి, మా పిల్ల మాత్రం ఎటు తిరుగుతుంది?" అన్నారు కోడలి తరఫువాళ్ళు.

లాండ్రీలో ఆమె సగం కుట్టిన చొక్కా వదిలేసి లేచి వెళ్ళిపోతుంటే యజమాని తలెత్తి కూడా చూసేవాడు కాదు. "టీ చల్లారినట్టుంది" అని ఆ చొక్కా మడిచి పక్కన పెట్టేవాడు.

తన తండ్రికి బాగా జబ్బు చేసినప్పుడు ఆమె గాజు సీసాలో అత్తగారు పెట్టిన టీ పోసుకుని, తువ్వాలు చుట్టుకుని బస్సెక్కింది. నది వంతెన దాటకముందే సీసా చల్లబడింది. కాళ్ళు లేచి నిలబడ్డాయి. బస్సు దిగి, వెనక్కి నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి తండ్రి పోయినట్టు కబురు వచ్చింది. మొహం కడుక్కుని అన్నం వండింది. ఎవరినని ఏం లాభం?

ఇప్పుడు చెల్లెలు ఫోన్ చేసింది. నెలలు నిండుతున్నాయి, డాక్టరు మంచం దిగొద్దన్నాడు, మొగుడు ఓడ మీద ఉన్నాడు.

"అక్కా, నువ్వు రాలేవని తెలుసు. ఊరికే చెప్తున్నా" అంది చెల్లెలు.

ఆ మాటకి ఆమెకు అన్నం సహించలేదు. మర్నాడు లాండ్రీ నుంచి పాత్రల కొట్టుకి వెళ్ళి అన్నిటికన్నా ఎక్కువసేపు వేడి నిలిపే ఫ్లాస్కు చూపించమంది. కొట్టాయన స్టీలువి, లోపల గాజున్నవి, ఉన్ని తొడుగులవి బల్లమీద పరిచాడు.

"ప్రయాణం ఎంతసేపమ్మా?"

"రెండు బస్సులు మారాలి. రేపు పొద్దున ఎక్కితే ఎల్లుండి పొద్దుటికి చేరతాను."

కొట్టాయన ఫ్లాస్కులన్నీ మళ్ళీ అరల్లోకి సర్దేశాడు. "మీ మామగారూ ఇలాగే అడిగేవారు, వయసులో ఉన్నప్పుడు. అంతసేపు నిలిపేది లేదమ్మా. టీపొడి, పాలు, పంచదార పట్టుకెళ్ళు, దారిలో కాచుకో."

"నేను కాచుకుంటే పనిచెయ్యదండీ. అత్తయ్య చెయ్యి పడాలి."

"మరైతే చెయ్యే పట్టుకెళ్ళాలి" అని ఆయన నవ్వేశాడు.

ఆమె నవ్వలేదు. ఆ మాట దారంతా నములుతూ ఇంటికొచ్చింది.

అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆవిడ టీ ఆవిడకి పనిచెయ్యదు. తన అత్తగారు కన్నుమూసిన రోజు నుంచి ఆవిడ గేటు దాటలేదు. కూరగాయలు గేటు దగ్గరకే వస్తాయి, చుట్టాలు గేటు దగ్గరకే వస్తారు. కోడలు ఇంట్లో అన్నీ వండుతుంది గానీ టీ గిన్నె మాత్రం ముట్టదు. అది అత్తగారిది. అలా ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"అత్తయ్యా, ఇవాళ నేను టీ పెడతాను. మీకు."

ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. "నాకెందుకే?" అంది.

కోడలు పెట్టిన టీ పాలెక్కువై తెల్లగా ఉంది. ఆవిడ ఒక్క గుక్క తాగి, "పంచదార పాకంలా ఉంది" అంది. మిగతాది గ్లాసుతోనే పట్టుకుని గేటు దాకా నడిచింది. గొళ్ళెం తీసి కుడికాలు బయటపెట్టింది. కాలు పడింది. చదరంగం అరుగు దాకా వెళ్ళింది. మామగారు ఏనుగుని పట్టుకుని పైకి చూశాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

"తెలీదు" అందావిడ. గ్లాసు గోరువెచ్చబడే లోపల వెనక్కి వచ్చి, గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. కొడుకు గుమ్మంలోనే నిలబడి, "మరి మా సంగతేంటి?" అన్నాడు. అత్తగారి ఒళ్ళో కోడలు పెట్టిన టీ, కోడలి ఒళ్ళో అత్తగారు పెట్టిన టీ. బస్సు ఆగిన ప్రతిచోటా అత్తగారు టీకొట్టువాడి దగ్గరికి వెళ్ళేది. "బాబూ, డబ్బులిస్తాం. టీ మాత్రం మేమే పెట్టుకుంటాం." ఒకడు గొణుక్కుంటూ జరిగాడు. ఇంకొకడు పొయ్యి వదిలేసి ఎదురుగా కూచుని, అత్తా కోడళ్ళు ఒకరికొకరు టీ పెట్టుకోవడం చూశాడు.

వంతెన వచ్చినప్పుడు కోడలు సీట్లోంచి సగం లేచింది. అత్తగారు ఆమె ఫ్లాస్కు మూత తీసి, ఆవిరి మొహానికి తగిలేలా పట్టుకుంది. "వేడిగానే ఉంది. కూచో." నది వెనక్కి వెళ్ళిపోయింది. కోడలు చాలాసేపు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

చెల్లెలింట్లో ఇద్దరూ రాత్రుళ్ళు కూడా లేచి ఒకరికొకరు టీ కాచుకునేవారు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండానే కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మా, నేనూ నాన్నా గేటు దాటలేకపోతున్నాం. ఆఫీసులో ఊరుకోరు."

"మీ నాన్నకి నువ్వు పెట్టు, నీకు మీ నాన్న పెడతాడు. అల్లం ఎక్కువ దంచకండి" అని ఆవిడ ఫోన్ కోడలికిచ్చింది. అవతల గిన్నె కింద పడ్డ చప్పుడు.

ఆ సాయంత్రం అత్తగారు పసిదానికి గుడ్డలు కొనాలని ఒక్కతే బజారుకి బయల్దేరింది. దీపాలు పెట్టేవేళైనా రాలేదు. కోడలు గోడ గడియారం చూసింది. పోసిచ్చిన టీ ఎప్పుడో చల్లారి ఉంటుంది. ఆవిడ కాళ్ళు ఇప్పటికే బస్టాండు దాటి, వచ్చిన దారంతా వెనక్కి నడుస్తుంటాయి. కోడలు ఇంకా వెచ్చగా ఉన్న తన ఫ్లాస్కు పట్టుకుని, చెప్పులేసుకుని గబగబా మెట్లు దిగింది.

సందు మొదట్లో అత్తగారు ఎదురొచ్చింది, చంకలో గుడ్డల మూట, చేతిలో మూత తీసిన ఫ్లాస్కు. మొహం అంతా చెమట.

"కొట్లన్నీ చూస్తూ మర్చిపోయానే" అంది. "మంచులా చల్లారిపోయింది. ఇక అయిపోయిందనుకున్నా. బస్టాండు ఎదురుగానే ఉంది."

"మరి ఎలా ఆగారు?"

"ఆగలేదే. కాళ్ళు తిరిగాయి" అంది అత్తగారు, తన పాదాలకేసి చూసుకుంటూ. "ఇటు తిరిగాయి."