నీ దారి ఎలా ఉంది?

లిబ్రాదా చుక్ పదహారేళ్ళుగా రోజుని ఒకే మాటతో మొదలుపెడుతోంది. పొద్దున్న ఏడింటికి వయ్యదొలీద్ చర్చి ముందు వ్యాను ఆగుతుంది. నలుగురో అయిదుగురో యాత్రికులు ఎక్కుతారు. ఆవిడ వేలుతో తలలు లెక్కపెట్టి, "టోపీలున్నాయా? నీళ్ళున్నాయా? ఆకలుందా? ఆకలి లేనివాళ్ళు ఇప్పుడే దిగిపోండి" అంటుంది. ఎవరూ దిగరు. డ్రైవరు ఎవెలియో కవిచ్ ఆ పాత హాస్యానికి పదహారేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు, పాపం.

ఆ తరవాత ఏం జరుగుతుందో వ్యానుకి కూడా కంఠతా వచ్చు. ముందు పాత గుళ్ళు, మెట్ల గోపురం, దాని నీడలో గంటసేపు లిబ్రాదా చెప్పే కథలు. ఆ పైన అడవిలోంచి తెల్లదారి మీద కిలోమీటరు నడక. ఆ చివర హుల్‌కాబ్ ఊరు, ఊరి మొదట్లోనే నీలంగోడ ఇల్లు, ఆ ఇంటి పెరట్లో దోన్యా తొమాసా గోతిపొయ్యిలో పెట్టి మట్టి కప్పి వండిన టర్కీకోడి. తిన్నాక సెనోతెలో, అంటే నేల కుంగి ఏర్పడ్డ నీటిగుండంలో, మునక. నాలుగింటికి తిరుగుప్రయాణం. ఎవెలియో మాత్రం తెల్లదారి తొక్కడు. వాళ్ళు నడిచొచ్చేలోపల తారురోడ్డు మీద చుట్టూ తిరిగి వ్యానుని తొమాసా ఇంటికి చేరుస్తాడు.

తెల్లదారి సంగతి మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. పాత రాజులు సున్నపురాయి పరిచి వేసిన దారి అది. మేం మాయా వాళ్ళం ఎదురుపడితే "బాగున్నావా" అనం, "బిష్ అ బేల్" అంటాం, నీ దారి ఎలా ఉంది అని. "మాలోబ్" అనాలి జవాబు, బాగుంది అని. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నవాడు కూడా మాలోబ్ అనే అంటాడు. నోటికి పట్టిన అలవాటు, ఏం చేస్తాం! మామూలు రోడ్ల మీద దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. తెల్లదారి మీద మాత్రం ఆ మాట అబద్ధమైతే దారి రబ్బరులా సాగుతుంది, ఎంత నడిచినా తరగదు. మొన్న ఎన్నికలప్పుడు ఓ పెద్దమనిషి చేతులూపుకుంటూ ఎక్కాడు, మర్నాడు మధ్యాహ్నం ఆయనకి నీళ్ళు పంపాల్సొచ్చింది. ఆడపిల్లల తండ్రులైతే కాబోయే అల్లుణ్ణి ఓసారి అటు నడిపించి తీసుకొస్తారు. కిలోమీటరు కిలోమీటరులాగే ఉంటే సంబంధం ఖాయం.

ఆ రోజు డిసెంబరు పదో తారీకు. గ్వదలూపె మాత పండగకని కుర్రకారంతా కాగడాలు పట్టుకుని ఊరి నుంచి ఊరికి పరుగులు పెట్టే రోజులు. ఆ పరుగుల జట్టు ఒకటి హుల్‌కాబ్ చర్చికి వస్తోందని ఊరివాళ్ళు తారురోడ్డుకి అడ్డంగా తాడు కట్టేశారు. రెండయితేగాని విప్పరట.

"నేను గుళ్ళ దగ్గరే వ్యానులో పడుకుంటాలే, కొమాద్రె" అన్నాడు ఎవెలియో. లిబ్రాదా కూతురికి బాప్తిస్మంలో తండ్రిగా నిలబడ్డవాడు అతను. అప్పట్నుంచీ వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొంపాద్రె, కొమాద్రె.

"పడుకో కొంపాద్రె, హాయిగా పడుకో. ఈ ఐసుపెట్టె నేను నెత్తిన పెట్టుకుని పోతా. చూసినవాళ్ళు నిన్నెంత మెచ్చుకుంటారో!"

అతను గొణుక్కుంటూ పెట్టె భుజానికెత్తుకున్నాడు.

దారి మొదట్లో లిబ్రాదా అతిథుల్ని వరసగా నిలబెట్టింది. "నిజం చెప్పండి నాయనలారా, కోడి ఎండిపోతే తొమాసా నన్ను గోతిలో పెడుతుంది. బిష్ అ బేల్?"

మెరీదా నుంచి వచ్చిన పంటి డాక్టరు రెనాన్ టోపీ సర్దుకుని, "దివ్యంగా ఉంది" అన్నాడు. ఆయన భార్య మిర్నా, "మోకాళ్ళ నొప్పులు, ఈయన గురక. మిగతాదంతా బాగుంది" అంది. కంపెచెలో ఇరవయ్యేళ్ళు సిటీ బస్సు నడిపిన అంపారో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "రిటైరై రెండు నెల్లయింది. పొద్దుపోక చస్తున్నా" అంది. జోయెల్ అనే కుర్ర గుమాస్తా "బాగుంది, బాగుంది" అని రెండుసార్లన్నాడు. ఎవెలియో పెట్టె ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "మాలోబ్. మరి నీదో, కొమాద్రె?" అన్నాడు.

ఇన్నేళ్ళలో లిబ్రాదాని ఆ మాట ఎవరూ తిరిగి అడగలేదు. "మాలోబ్" అనేసి గబగబా ముందుకి నడిచింది.

పావుగంటలో చెట్ల సందుల్లోంచి నీలంగోడ కనిపించింది. పెరట్లోంచి పొగ లేస్తోంది. మాడ్చిన మిరపకాయల వాసన, పుల్లనారింజ వాసన ముక్కుకి తగిలి జోయెల్ పొట్ట పైకే మూలిగింది. ఇంకో పావుగంట నడిచారు. గోడ అక్కడే ఉంది. మరో అరగంట నడిచారు. పొగ అక్కడే లేస్తోంది, వాసన అంతే వస్తోంది. కొమ్మ మీద తోహ్ పిట్ట తోక అటూ ఇటూ ఊపుతూ వీళ్ళనే చూస్తోంది.

"ఎవరో గాని త్వరగా కక్కేయండి" అంది లిబ్రాదా.

జోయెల్ చెయ్యెత్తాడు. "నాకు జ్వరమని ఆఫీసులో చెప్పొచ్చాను."

గోడ కాస్త దగ్గరికొచ్చింది.

"ఇంకా?"

రెనాన్ గొంతు సవరించుకున్నాడు. "నావి కట్టుడుపళ్ళు. నలభయ్యేళ్ళు ఊరందరి పళ్ళూ చూశాను, నావి చూసుకోలేదు. మిర్నా, నిన్ను మోసం చేశాను."

"చాల్లెండి సంబడం! ఆ పళ్ళు రోజూ గ్లాసులోంచి తీసి కడిగిపెట్టేది ఎవరనుకున్నారు?"

అందరూ నవ్వారు. గోడ ఇంకాస్త జరిగింది, అక్కడే ఆగిపోయింది. నీళ్ళసీసాలు ఖాళీ అయ్యాయి. ఐసు కరిగి ఎవెలియో చొక్కా మీద కారుతోంది. మిర్నా ఒక రాయి మీద కూలబడి, ఇక నావల్ల కాదంది. లిబ్రాదా ఎవరి మొహంలోకీ చూడడం లేదు. ఎవెలియో దారికి ఎడమవారగా జరిగి, నిలదొక్కుకోవడానికి చెట్టుకి చెయ్యి ఆనించబోయాడు.

"ఆగు!" అంపారో అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అది చెచెమ్ చెట్టు, దాని పాలు తగిలితే ఒళ్ళంతా బొబ్బలే. నల్లటి మచ్చల కాండం, మనిషి నడుమంత లావున, అతని ఎడమచెంపకి జానెడు దూరంలో ఉంది. మా వైపు నడకొచ్చిన పిల్లలు కూడా దాన్ని చూసి తప్పుకుంటారు.

అంపారో గొంతు తగ్గించింది. "దోన్ ఎవెలియో, ఇరవయ్యేళ్ళు చక్రం పట్టుకున్నదాన్ని నేను. పొద్దున్నే చూశాను. ఎడమకి తిరగాలంటే మెడ మొత్తం తిప్పుతున్నావు."

ఎవెలియో పెట్టె దించి దాని మీదే కూర్చున్నాడు.

"ఎడమకన్ను కనపడదు. వర్షాలు మొదలైనప్పట్నుంచి మసక, ఇప్పుడు అసలే లేదు. చెబితే లైసెన్సు లాక్కుంటారు. చక్రం పోతే నేనెవణ్ణి? ముసలాణ్ణి. అందుకే ఈ దారి తొక్కకుండా తప్పించుకు తిరిగాను." కళ్ళు తుడుచుకున్నాడు. "మొన్న శనివారం వ్యాను కడుక్కోవడానికి ఒక్కణ్ణే వెళ్తున్నా, ఎర్రమట్టి మలుపు దగ్గర పక్క అద్దానికి ఏదో టంగుమని తగిలింది. వెనక కేకలు. కాగడా అది. ఎవరి బిడ్డో తెలీదు, తప్పించుకున్నాడు. నేను వాణ్ణి చూడనే లేదు. ఆగకుండా వచ్చేశాను! భయమేసింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ అద్దం నిండా మసి. పొద్దున్న తుడుద్దామని గుడ్డ పట్టుకెళ్తే మసి లేదు. దేవుడే తుడిచాడనుకున్నా. సిగ్గులేదు నాకు."

దారి ఒక్కసారిగా ముడుచుకుంది. నీలంగోడ మీద పెచ్చులూడిన చోట్లు కూడా కనిపించేంత దగ్గరికొచ్చింది. మిర్నా లేచింది, జోయెల్ పెట్టె అందుకున్నాడు, అందరూ కదిలారు. ఇరవై అడుగులు వేశారు, నలభై వేశారు. గోడ అంతే దూరంలో ఉంది.

"ఇంకా ఎవరు మిగిలారు?" అన్నాడు రెనాన్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

లిబ్రాదా నిలబడిపోయింది.

"నేను. దేవుడు కాదు కొంపాద్రె, ఆ మసి తుడిచింది నేను. ఆదివారం తెల్లారి పూజకి పోతూ మీ ఇంటి ముందు వ్యాను చూశాను. ఆ మసి కాగడాదని తెలిసింది, నీ కన్ను సంగతి అంతకుముందే తెలుసు. శాలువా అంచుతో తుడిచేసి చర్చిలోకి పోయి మోకరిల్లాను. నువ్వు ఆగిపోతే ఈ పనంతా ఆగిపోతుందని భయం. సోమవారం మళ్ళీ నీ వ్యానులో మనుషుల్ని ఎక్కించి తలలు లెక్కపెట్టాను. నన్ను నువ్వు క్షమించినా నేను క్షమించుకోలేను."

"నా ఎదురుగా ఒక్క మాట అని ఉంటే!" అన్నాడు ఎవెలియో.

"నువ్వు నాతో అన్నావా?"

అతను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తరవాతి అడుగుకి జోయెల్ కాలు తొమాసా కోడిపెట్టని తన్నింది.

"ఇంత తొందరేమిటమ్మా మీకు?" పెరట్లో పార పట్టుకున్న తొమాసా నడుం నిటారు చేసింది. "పన్నెండున్నరే కదా, నేనింకా మట్టే తియ్యలేదు!"

అప్పుడొచ్చిన నవ్వు అంతా ఇంతా కాదు. మిర్నా అయితే గుంజ పట్టుకుని నవ్వింది. అందరూ కలిసి మట్టి తీశారు, అరిటాకులు విప్పారు. నల్లటి పులుసు, అందులో విడిపోతున్న కోడి, పెనం మీంచి అప్పుడే దిగుతున్న మొక్కజొన్నరొట్టెలు. ఎవెలియో తొమ్మిది రొట్టెలు తిన్నాడు. జూన్ నుంచి తనకి తిండి సయించడం లేదని అప్పుడు చెప్పాడు.

తినడం అయ్యాక వ్యాను తాళాలు అంపారో ముందు బల్ల మీద పెట్టాడు. "సోమవారం పెద్దాసుపత్రికి పోతాను. శుక్లమైతే తీస్తారట, మా తోడల్లుడికి తీశారు. అప్పటిదాకా..."

అంపారో వేళ్ళకంటిన పులుసు నాకి తాళాలు జేబులో వేసుకుంది. "పడుకునే ఉయ్యాల కట్టుకోవడానికి మీ ఇంట్లో రెండు కొక్కేలున్నాయా?"

"నాలుగున్నాయి."

"ఇంకేం మరి, ఎన్నాళ్ళయినా ఉంటా. కంపెచెలో నా కోసం ఎదురుచూసేది ఒక్క టీవీయే."

సెనోతెలో మునిగి, తెల్లదారి మీద వెనక్కి నడిచారు. సరిగ్గా కిలోమీటరే వచ్చింది. నాలుగింటికి వ్యాను గుళ్ళ దగ్గర్నుంచి కదిలింది. అంపారో చక్రం దగ్గర, ఎవెలియో ఆవిడ కుడిపక్క. ఆ సీట్లో కూర్చోవడం అతనికి అదే మొదలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎర్రమట్టి మలుపు దగ్గర అంపారో బండి నెమ్మది చేసి పూర్తిగా ఆపేసింది.

"ఎందుకాపావు?" అన్నాడు ఎవెలియో.

జవాబు వచ్చేలోపల అతని చూపులోకి ఒక పిల్ల వచ్చింది. ఎడమపక్క మట్టిబాటలోంచి పరుగెత్తుకొచ్చిన పిల్ల, పదేళ్ళుంటాయి, చేతిలో పాలడబ్బాతో చేసిన కాగడా. ముందు అద్దం మధ్యదాకా వచ్చేవరకు అతనికి కనపడనే లేదు. ఆ పిల్ల వ్యానుని గుర్తుపట్టి కుడివైపుకి చుట్టొచ్చి కిటికీ మీద కొట్టింది.

"దోన్ ఎవెలియో! బిష్ అ బేల్?"

"మా..." అని ఆగాడు. "సగం చీకటిగా ఉంది తల్లీ. కానీ నువ్వు కనబడ్డావు. మాలోబ్, తల్లీ, నిజంగానే మాలోబ్."

ఆ పిల్ల నవ్వి పరుగందుకుంది. దాని వెనకే మిగతా జట్టు బిలబిలమంటూ రోడ్డు దాటింది. వెనకసీట్లో లిబ్రాదా వేలెత్తి తలలు లెక్కపెట్టింది. వ్యానులో ఆరు. ఆ తరవాత వేలు కిటికీవైపు తిప్పి రోడ్డు దాటుతున్న పిల్లల్ని కూడా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు అంటూ పైకే, పదకొండు దాకా.

"అందరూ ఉన్నారు" అంది. "ఇక పోనీ, అమ్మాయ్."